చిట్టి కుడికాలు, మా బావమరిది ఎడమచెయ్యి

మా కుక్క చిట్టి బరువు ముప్పై కిలోలు. పేరు పెట్టిన రోజున అరచేతిలో పట్టేది కాబట్టి అప్పటికి ఆ పేరు న్యాయమే. ఇప్పుడది సోఫా ఎక్కితే మనం దిగాలి. అంత శరీరాన్ని మోసే కాలికి ఏదో అయిందని మాకు తెలిసింది దాని అరుపు వల్ల కాదు, అరవకపోవడం వల్ల. ఎవరో కాలింగ్ బెల్ కొట్టారు. చిట్టి లేవలేదు. పడుకున్నచోటే తలెత్తి మా అందరి వంకా చూసి, ఈ పూటకి మీరే అరుచుకోండి అన్నట్టు మళ్లీ తల వాల్చేసింది.

కుక్కలు నొప్పి దాచుకుంటాయి. మా ఇంట్లో మనుషులకు ఆ అలవాటు లేదు. "అయ్యో, దీనికేదో అయిందండీ!" అని మా ఆవిడ, "నేను ముందే అనుకున్నా" అని మా అత్తగారు, "ఎవరూ కంగారు పడకండి, నేనున్నాను" అని మా బావమరిది ఒకేసారి లేచారు. నన్నడిగితే ఈ మూడింటిలో ఆఖరిదే ఎక్కువ కంగారు పుట్టించే మాట.

చిట్టిని లేపి నడిపించాం. కుంటుతోంది. ముందు కాళ్లలో ఏదో ఒకటి. ఏది? నెత్తురు కనిపిస్తే గొడవే లేదు గానీ, ఉన్న కాస్తా ఎప్పుడో నాకేసి రెండు కాళ్లూ శుభ్రంగా పెట్టుకుంది. అప్పుడు మా బావమరిది చేతులు కట్టుకుని, కళ్లు చిన్నవి చేసి, హాల్లో దాన్ని అటూ ఇటూ తిప్పించి తీర్పు చెప్పాడు.

"కుడికాలు. చూడు బావా, కుడికాలు నేలకి ఆనినప్పుడల్లా తల దించుతోంది. పాపం, నొప్పి పుట్టినప్పుడల్లా ఆ కాలి వంకే చూసుకుంటోంది."

వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. కన్నీళ్లు కూడా వచ్చేట్టుంది. మా అత్తగారికి వచ్చాయి కూడా.

నేను ఈలోగా డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ చెప్పింది నాలుగు ముక్కలు. కాస్త గోరువెచ్చని ఉప్పునీళ్లతో కడగండి, అర లీటరుకి ఒక చెంచా ఉప్పు చాలు. ఏదైనా లోతుగా దిగి ఉంటే పీకకండి. పలచగా కట్టు కట్టి తీసుకురండి. కట్టేముందు మూతికి చిక్కం వెయ్యండి. ఈ నాలుగూ నేను ఇంట్లోవాళ్లకి అప్పజెప్పేలోపే అవతల ప్రత్యామ్నాయ వైద్యాలు మొదలైపోయాయి.

మా ఆవిడ హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసాతో వచ్చింది. గాయం మీద పోస్తే బుసబుసా పొంగుతుంది కాబట్టి అది గొప్ప మందని ఆవిడ నమ్మకం. పొంగేది సూక్ష్మక్రిములతో పాటు గాయాన్ని మాన్పే కొత్త కణాలను కూడా పాడుచేస్తుందని డాక్టరమ్మ మాటగా చెప్పాను. నా మాటగా చెబితే ఆ సీసా లోపలికి వెళ్లేది కాదు.

మా అత్తగారిది ఇంకా ఉదారమైన మనసు. తన మోకాళ్ల నొప్పుల మాత్ర సగానికి విరిచి, "పిచ్చిముండ ఎంత బాధపడుతోందో, ఈ సగం దానికి, ఈ సగం నాకు" అంటూ వచ్చారు. ఈ ఒక్కచోట మాత్రం నేను గట్టిగానే అడ్డుపడ్డాను. ఇబుప్రోఫెన్ జాతి మాత్రలు కుక్క కడుపులో పుండ్లు పడేట్టు చేస్తాయి, మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ అయితే కాలేయం మీద పడుతుంది. మనకి పనికొచ్చిన మాత్ర దానికి విషం కావచ్చు. "అలాగా! మరి నేను ఇన్నేళ్లుగా మింగుతున్నానే?" అన్నారావిడ అనుమానంగా. "మీరు కుక్క కాదు కదండీ" అందామనుకుని, అల్లుడి హోదా గుర్తొచ్చి ఊరుకున్నాను.

చిక్కం దగ్గర మళ్లీ పేచీ. "నా బంగారుతల్లి మూతి కడతారా? అది చీమకైనా హాని చెయ్యదు!" నిజమే, చెయ్యదు. కానీ నొప్పి మీద ఉన్న కుక్క పళ్లకు చుట్టరికాలు తెలియవు. ఈ ముక్క నేను చెబుతుండగానే మా బావమరిది కాలు పట్టుకోవడమూ, చిట్టి అతని చొక్కా చెయ్యి పట్టుకోవడమూ జరిగాయి. చొక్కా మాత్రమే. మోచేతి దగ్గర నుంచి కింది భాగం మాత్రమే. ఆ తర్వాత ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మెత్తటి గుడ్డపట్టీతో మూతి చుట్టూ ఒక చుట్టు చుట్టి, చెవుల వెనక ముడి వేశాం. చప్పిడి ముక్కు కుక్కలకైతే ఇది పనికిరాదు, ఊపిరి ఆడదు. చిట్టి ముక్కు ఆ విషయంలో భేషుగ్గా ఉంటుంది, పక్కింటి వంటగది దాకా పనిచేస్తుంది.

అందరూ తలో పని అందుకున్నారు. మా ఆవిడ తల పట్టుకుంది, అంటే చిట్టి తల. అత్తగారు ఓదార్పు. బావమరిది వైద్యం. నేను టార్చి. టార్చి పట్టుకున్నవాడి మీద ఎవరూ నింద వెయ్యరు కాబట్టి ఇలాంటి సందర్భాల్లో నేను ముందుగానే దాన్ని అందుకుంటాను.

"ఇదిగో! వేళ్ల మధ్య ఎర్రగా ఉంది చూశారా!" అన్నాడతను కుడి పాదం విడదీసి.

కుక్క అరికాలి మెత్తలు నల్లగా, గరుకుగా ఉన్నా వేళ్ల సందులో చర్మం పలచగా, లేత గులాబీ రంగులో ఉండటం మామూలే. కానీ దెబ్బ ఉందని నిర్ణయించుకుని వెతికేవాడికి దెబ్బ దొరక్క మానదు. ఉప్పునీళ్లతో కడిగాడు. తుడిచాడు. వేళ్ల మధ్య చిన్న చిన్న దూది ముక్కలు పెట్టాడు. ఇక్కడి దాకా బాగుంది, అలా పెట్టకపోతే చెమటకి వేళ్లు ఒరుసుకుని పుండ్లవుతాయి. కుక్కకి ఒంటి మీద మనలా చెమట పట్టదు, ఉన్న చెమటంతా అరికాళ్లలోనే.

ఆ తర్వాత బ్యాండేజీ చుట్ట విప్పాడు.

కట్టు ఎలా కట్టాలో చెప్పేవాళ్లు, కట్టు కింద ఒక వేలు దూరేంత వదులు ఉండాలంటారు. మధ్య వేళ్ల రెండింటి గోళ్లూ బయటికి కనబడుతూ ఉండాలంటారు, ఆ గోళ్లు ఎడంగా జరిగాయంటే లోపల వాపు వచ్చిందని, కట్టు బిగిసిందని అర్థం. మా బావమరిది సిద్ధాంతం వేరు. చుట్టలో గుడ్డ మిగలకూడదు. చిట్టి ఒకసారి కాలు లాగింది. అతను ఎడమచేత్తో పాదాన్ని గట్టిగా పట్టుకుని, కుడిచేత్తో చుట్టడం సాగించాడు. చుడుతూనే ఉన్నాడు. గోళ్లు పోయాయి. పాదం పోయింది. చివరికి అక్కడ భీముడి గద లాంటిదొకటి తయారైంది. దాని మీద అంటుకునే పట్టీ వేసి, అంచు పళ్లతో కొరికి, "అయిపోయింది" అని చెయ్యి తీసుకోబోయాడు.

చెయ్యి రాలేదు.

సరిగ్గా అప్పుడే గోడ మీద పిల్లి నడిచింది. కట్టు సంగతి, కుంటి సంగతి, చిక్కం సంగతి అన్నీ మరిచిపోయి చిట్టి లేచింది. ముప్పై కిలోలు లేస్తే పట్టుకోవడానికి మా ఆవిడ చేతులు చాలలేదు. వీధి గుమ్మం వైపు చిట్టి మూడు కాళ్ల మీద, దాని వెనకే మా బావమరిది రెండు మోకాళ్లు, ఒక చేతి మీద. వేగంలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు.

"ఒరేయ్, దాన్ని వదలరా! దెబ్బ తగిలిన కాలురా అది!" అని మా అత్తగారు.

"నేను పట్టుకోలేదమ్మా! అదే నన్ను పట్టుకెళుతోంది!"

నేను టార్చి వేసి చూపించాను. పగలే, అయినా నా బాధ్యత నాది.

కత్తెర కోసం ఇల్లంతా వెతికి, మొత్తం కట్టులో అతని చెయ్యి ఉన్నంత మేర కత్తిరించి, మిగతాది అలాగే ఉంచి కారెక్కించాం. దారి పొడుగునా చిట్టి కిటికీలోంచి గాలి పీలుస్తూ కులాసాగా ఉంది. కట్టు ముక్కలు వేలాడుతున్న చేతితో మా బావమరిది కూడా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. డాక్టరమ్మ దగ్గరి కుర్రాడు బయటికొచ్చి, "పేషెంటు ఎవరండీ?" అని అడిగాడు. ఎవరూ వెంటనే జవాబు చెప్పలేదు.

డాక్టరమ్మ కట్టు విప్పడం మొదలుపెట్టింది. విప్పుతూ మధ్యలో కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని విప్పింది. పాదం బయటపడ్డాక ఒక్కో మెత్తా నొక్కి చూసింది. గోళ్లు చూసింది, వేళ్ల సందులు చూసింది.

"ఈ కాలు చాలా బాగుంది. బాగా కడిగారు కూడా. ఇప్పుడు దెబ్బ తగిలిన కాలు చూపించండి."

గదిలో అందరూ మా బావమరిది వైపు తిరిగారు. అతను గోడ మీది టీకాల పట్టిక చదవడం మొదలుపెట్టాడు.

ముందుకాలు నొప్పిగా ఉన్న కుక్క, ఆ కాలు ఆనినప్పుడు బరువు పడకుండా తల పైకి ఎత్తుతుందట. తల దించేది బాగున్న కాలు మీద. అంటే మావాడు చూసిందంతా సరిగ్గానే చూశాడు, తీర్పు మాత్రం తలకిందులుగా ఇచ్చాడు. ఎడమ పాదంలో పెద్ద మెత్త అంచున చిన్న గాజుపెంకు దిగి ఉంది. డాక్టరమ్మ దాన్ని తీసి, కడిగి, పలచటి కట్టు కట్టింది. మాటల్లో పని కానిచ్చేసింది. ఆ కట్టు చూస్తే దానికి మనిషి చెయ్యి పట్టే చోటే లేదు.

"అరికాలి గాయం తొందరగా మానదు. కుక్క బరువులో వందకి అరవై పాళ్లు ముందు కాళ్ల మీదే పడుతుంది. అడుగు వేసినప్పుడల్లా మెత్త పరుచుకుంటుంది, గాయం నోరు తెరుచుకుంటుంది. కాబట్టి పరుగులు వద్దు. తడి తగలకూడదు. బయటికి తీసుకెళ్లినప్పుడు ప్లాస్టిక్ సంచి తొడగండి, ఇంట్లోకి రాగానే తీసెయ్యండి, లేకపోతే లోపల చెమ్మకి పుండు కుళ్లుతుంది. కట్టు తడిసినా, వాసన వచ్చినా వెంటనే మార్చాలి. ఇంక ఇది" అంటూ, గాయం నాకకుండా గరాటు లాంటి ఒక పెద్ద ప్లాస్టిక్ కోన్ తీసి చిట్టి మెడకు తొడిగింది.

కోన్ గురించి ఎవరైనా వివరంగా రాయాలి. అది పెట్టిన క్షణం నుంచి చిట్టి లోకం కొలతలు మారిపోయాయి. రోజూ దూరే గుమ్మం ఇరుకైంది. నీళ్ల గిన్నె లోపలికి వచ్చేసింది, నీళ్లు బయటికి పోయాయి. వెనక్కి నడిస్తే వదులుతుందేమోనని హాలంతా వెనక్కి నడిచింది. ముందుకు నడిస్తే దాని అంచు మన మోకాలి చిప్పకి రెండంగుళాల కింద తగులుతుంది, సరిగ్గా ఎముక మీద. ప్రేమ ఎక్కువైనప్పుడు మరీ గట్టిగా తగులుతుంది. మా ఇంట్లో దానికి అందరికన్నా ఎక్కువ ప్రేమ మా బావమరిది మీద. చొక్కా కొరికిన రోజు నుంచి మరీ.

మా అత్తగారు ఒక రాత్రి జాలిపడ్డారు. "మూగజీవం, మెడ తిప్పుకోలేకపోతోంది. నాకితే తగ్గుతుంది, ఉమ్మిలోనే మందుంది" అని అందరూ పడుకున్నాక కోన్ తీసేశారు. కుక్క ఉమ్మిలో క్రిముల్ని చంపే గుణం కాస్త ఉన్నమాట నిజమే. దాంతోపాటు క్రిములు కూడా ఉన్నాయి. అసలు పేచీ ఏమిటంటే, గరుకు నాలుకతో అది ఆపకుండా నాకుతుంది, మెత్తబడ్డ గాయం మళ్లీ విచ్చుకుంటుంది. తెల్లారేసరికి కట్టు లేదు. కాలికే కాదు, గదిలో ఎక్కడా లేదు. మింగేసిందేమోనని గుండెలు జారాయి, మింగిన గుడ్డపట్టీ పేగుల్లో చిక్కుకుంటే ఆపరేషన్ దాకా పోతుంది. మంచాల కింద, సోఫా కింద, బీరువా వెనక వెతికాం. చివరికి అత్తగారి దిండు కింద దొరికింది, చక్కగా చుట్టి. ఎవరి చలవ వల్ల ఊడిందో వాళ్లకే అప్పగించింది, లెక్క మనిషి.

ఆ తర్వాత కోన్ జోలికి ఎవరూ పోలేదు. గాయం మెల్లగా మూసుకుంది, మెత్త మీద కొత్త చర్మం పట్టింది. నడక బాగైంది. మాకు తెలియకుండా బాగైంది, అదే విచిత్రం. మేమెవరూ చూడనప్పుడు చిట్టి మామూలుగా నడిచేది. వంటింట్లోంచి మా ఆవిడ బయటికి రాగానే కుంటేది. ఒకసారి తొందరలో కుడికాలు కుంటింది. మా ఆవిడ అది చూసీ, "పాపం, నొప్పి అటు పాకిందేమో" అని ఇంకో ముద్ద పెట్టింది.

మా బావమరిది పరిస్థితి అంత బాగాలేదు. కోన్ అంచు పదే పదే తగిలి మోకాలి కింద తోలు లేచింది. ఒక సాయంత్రం అతను పంట్లాం పైకి మడిచి కుర్చీలో కూర్చుని మూలుగుతుంటే, చిట్టి వచ్చి ఆదరంగా నాకబోయింది. నాలుక అందలేదు. కోన్ అందింది.

అతని కేక విని మా అత్తగారు గోరువెచ్చని ఉప్పునీళ్ల గిన్నె, దూది పట్టుకుని వచ్చారు. కుర్చీ ముందు కూర్చుని, కళ్లజోడు సరిచేసుకుని, "ఏ కాలురా?" అన్నారు.

"కుడికాలమ్మా."

ఆవిడ కాసేపు అతని మొహంలోకి చూసి, ఎడమకాలి పంట్లాం కూడా పైకి మడవమన్నారు.