ఆమె విషయం ప్రార్థనలో పెట్టండి

మూడేళ్ల క్రితం మా ఇంట్లో జరిగిన ప్రార్థన కూడికలో ఒక సహోదరి విషయం 'ప్రార్థనలో పెట్టారు'. భర్తను వదిలి వెళ్లిపోయిందట, ఆమె మనసు మారేలా దేవుణ్ణి అడగాలట. ఎందుకు వెళ్లిందో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. కళ్లు మూసుకుని ఆమేన్ అన్నాను. టీలు తాగేలోపే ఆ మనవి వాట్సాప్‌లో నలభై ఇళ్లకు చేరింది. రెండు వారాలకు ఆమెను పాటల బృందంలోంచి కొన్నాళ్లు ఆగమన్నారు. అతను మాత్రం ప్రతి ఆదివారం ముందు వరుసలోనే కూర్చున్నాడు. ఆమెను కొట్టేవాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మన సంఘాల్లో ఫలానా మనిషి పాపి అని ఎవరూ పైకి అనరు. ఆ మాట ప్రార్థన మనవిగా వస్తుంది. దాంతో విన్నవాళ్లకూ చెప్పినవాళ్లకూ తాము తీర్పు తీరుస్తున్నామనే అనిపించదు. ఆ రోజు నాకూ అనిపించలేదు.

మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన వరుస వేరు. సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒక్కడివే వెళ్లి, అతనితో ఒంటరిగా మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దర్ని వెంట తీసుకెళ్లాలి. అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. మనం ఆ చివరి మెట్టు దగ్గరే మొదలుపెడుతున్నాం. సంఘం మాటా వినకపోతే అతన్ని సుంకరిగా, అంటే అప్పట్లో జనం పాపిగా చూసిన పన్ను వసూలుదారుగా, ఎంచమని ఉంది కదా, వెలివేయమనే కదా అర్థం అని వాదించేవాళ్లున్నారు. మరి సుంకరులతో ప్రభువు ఎలా మెలిగాడు? వాళ్ల పంక్తిలో భోజనానికి కూర్చున్నాడు. మత్తయి కూడా సుంకం వసూలు చేసే చోటు నుంచి లేచి వచ్చినవాడే.

వెలి అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా? మనలో ఎంతోమంది తాతముత్తాతలు వెలివాడల నుంచే సంఘంలోకి వచ్చారు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో పని ఒప్పుకుని ఎందరికో కూలి దొరికేలా చేశారు. ఆ తర్వాత 1878 జూలై 3న వెలుంపిల్లి దగ్గర, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరి బావిలో చేద వేయనివ్వని మనుషులు ఆ రోజు ఏట్లో దిగారు. అందుకే మన ఇళ్లలో ఇంతమంది కృపమ్మలు, కృపావరాలు, కృపానందాలు ఉన్నారని నాకనిపిస్తుంది.

ఇక్కడ అమెరికాలో సంఘానికి దూరమైతే ఆడపిల్లకు ఏం మిగులుతుంది? మన ఊళ్లో అయితే పుట్టిల్లు ఉంటుంది, పక్క వీధిలో ఇంకో మందిరం ఉంటుంది. ఇక్కడ పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చిపెట్టేవాళ్లు, జ్వరమొస్తే చారు పంపేవాళ్లు, ఉద్యోగం సంగతి చెప్పేవాళ్లు, అందరూ ఆ నలభై ఇళ్లవాళ్లే. హెచ్-4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసాను బట్టి వచ్చే వీసా మీద, ఉన్న అమ్మాయికి విడాకులైతే ఆ వీసా హోదా కూడా పోతుంది. అంత టెన్షన్‌లో ఉన్న మనిషిని మనం పాడొద్దన్నాం.

కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో పౌలు, సంఘం శిక్షించిన ఒకడి గురించి, ఆ శిక్ష చాలు, ఇక క్షమించి ఓదార్చండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడు అంటాడు. అతను తప్పు చేసినవాడు. ఈమె దెబ్బలు తిన్నది.

'క్షమించి ఇంటికెళ్లు తల్లీ' అని ఇలాంటి వాళ్లకు చెప్పడం కృప కాదని నా నమ్మకం. పోలీసులకు ఫోన్ చేయాలన్నా, తలదాచుకోను గది వెతుక్కోవాలన్నా ముందు మనం పక్కన నిలబడాలి. ఎప్పుడు క్షమించాలన్నది ఆమెకూ దేవుడికీ మధ్య సంగతి. ఇక కూడికల్లో, ఆ మనిషి ఒప్పుకోనిదే పేరు ఎత్తకూడదని నియమం పెట్టుకుందాం. పేరు చెప్పకపోయినా దేవుడికి తెలుసు.

పోయిన నెల ఆమెకు ఫోన్ చేశాను.

"ఎవరు చేయమన్నారక్కా?" అంది.

"ఎవరూ చేయమనలేదమ్మా. నేనే చేశాను. ఆ రోజు మా ఇంట్లోనే నీ మాట వచ్చింది. నేను నోరు మెదపలేదు. తప్పు చేశాను."

చాలాసేపు అవతల నుంచి మాట లేదు. పెట్టేసిందేమో అనుకున్నాను. తర్వాత, శనివారం సాయంత్రం ఇంట్లోనే ఉంటానని చెప్పింది.