గైడు సరే, ప్రశ్న ఏది?

ఎకనామిక్స్‌లో ఎంఏ చేసిన నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఈ మధ్య ఇంటికొచ్చింది. వాళ్లది రాజోలు వైపు, కాలువ శివారు ఊరు. యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల కమిషన్) పెట్టే నెట్ పరీక్షలో ‘పీహెచ్‌డీకి మాత్రమే’ అనే మూడో కేటగిరీలో అర్హత వచ్చింది. కాఫీ చల్లారకముందే అసలు విషయానికొచ్చేసింది. “టాపిక్ ఏదైనా ఫర్లేదండి సార్. ముందు ఏ గైడు దగ్గరైనా ఖాళీ ఉందేమో కాస్త కనుక్కుంటారా?”

చేతిలో నాలుగు పేజీల సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) ఉంది. సీనియర్ ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారట. ఇంగ్లీషులో ఉన్న ఆ టైటిల్‌ని తెలుగులో చెప్పుకుంటే ‘స్వయం సహాయక సంఘాలు, మహిళా సాధికారత: తూర్పు గోదావరి జిల్లాపై ఒక అధ్యయనం’. మూడో పేజీలో ఒకచోట ‘ఒంగోలు’ అలాగే ఉండిపోయింది. రాజోలు 2022 ఏప్రిల్‌లోనే కోనసీమ జిల్లాలోకి వెళ్లిపోయిన సంగతి కూడా ఆ ఫైలుకు తెలీదు.

కాగితాలు పక్కనపెట్టి, నాన్నగారు ఏం చేస్తున్నారమ్మా అని అడిగాను. మూడెకరాలు కౌలుకు చేస్తున్నారట. సార్వా (ఖరీఫ్) పంట దాదాపు ఆసామికే, అంటే పొలం యజమానికే; దాళ్వా (రబీ) గట్టెక్కితే తిండికి. ఆసామి హైదరాబాద్‌లో ఉంటారు. సాగుదారు హక్కు పత్రం ఉంటే బ్యాంకు అప్పు అడగొచ్చు కానీ దానికి ఆసామి సంతకం కావాలి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆ కౌలు ఒప్పందం 11 నెలలకే. భూమి మీద హక్కేమీ రాదని అందులో రాసే ఉంది. అయినా ఆయన పెట్టరు. “సంతకం పెడితే పొలం పోతుందని భయమండి ఆయనకి.” ఈలోగా పక్క కమతం రొయ్యల చెరువైంది. గట్టు వెంబడి నాలుగైదు బారల మేర పైరు ఎర్రబడిపోతోంది. ఇప్పుడు ఆసామి, చెరువుకిస్తే ఎంతొస్తుందో లెక్క చెప్పి వరికీ కౌలు పెంచమంటున్నారు.

అరగంట ఆపకుండా చెప్పింది. ఎవరెవరు చెరువులకిచ్చారు, ఎవరు మానేశారు, ఏ బోదెలోకి ఉప్పునీరు వదులుతున్నారు, అన్నీ. ఇది రాయొచ్చు కదమ్మా అన్నాను. తెల్లబోయింది.

“ఇది మా ఇంటి గొడవ కదండీ. రీసెర్చ్ ఎలా అవుతుంది?”

ఆ అమ్మాయి తప్పేం లేదు. పీహెచ్‌డీ గుమ్మం దాకా వచ్చేలోపు, నీకు ఏం తెలుసుకోవాలనుందని ఆమెను ఎవరూ అడగలేదు. 2024 జూన్ నుంచి యూజీసీ, నెట్ అర్హతను మూడు కేటగిరీలు చేసింది. జేఆర్ఎఫ్ (పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వచ్చినవాళ్లకు ఇంటర్వ్యూ చాలు. మిగతా రెండు కేటగిరీలవాళ్లకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. అడ్మిషన్‌కి ఆ స్కోరు ఏడాది పాటే చెల్లుతుంది. పరీక్షేమో మూడు గంటలు, 150 ప్రశ్నలు, అన్నీ టిక్కులే. అభ్యర్థి తన ప్రశ్న చెప్పుకోగలిగింది ఆ 30 శాతంలోనే, అదీ బోర్డుకు ఓపికుంటే.

పరీక్ష ఎత్తేయమని నేననను. ఇంటర్వ్యూల మీదే నడిచిన రోజుల్లో సిఫార్సుల గోల ఎలా ఉండేదో చూసినవాణ్ణి. కానీ టిక్కు పరీక్ష ఒక్కటే వడపోతైతే అవతలికి వచ్చేది టిక్కులు బాగా పెట్టేవాళ్లే.

తర్వాత గైడు. ఒక ప్రొఫెసర్ ఒకేసారి 8 మందిని, అసోసియేట్ 6గురిని, అసిస్టెంట్ 4గురిని మించి తీసుకోకూడదు. రిటైర్మెంట్ మూడేళ్లలోపు ఉంటే కొత్తవాళ్లను అసలు తీసుకోకూడదు. అంటే ఒక ప్రొఫెసర్, ఇద్దరు అసిస్టెంట్లు ఉన్న డిపార్ట్‌మెంట్‌కి గరిష్ఠంగా 16 మంది. ఆ ప్రొఫెసర్‌కి రెండేళ్ల సర్వీసే మిగిలుంటే కొత్తవాళ్లకు మిగిలేవి అసిస్టెంట్ల సీట్లే. రాష్ట్ర వర్సిటీల్లో పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నప్పుడు ఇక చెప్పేదేముంది? అందుకే పిల్లలు ఖాళీ ఎక్కడుందో వెతుక్కుంటారు, ఆ ఖాళీకి తగ్గట్టు టాపిక్ కుట్టించుకుంటారు. సారు స్పెషలైజేషన్ బ్యాంకింగ్ అయితే మనదీ బ్యాంకింగే.

నాదీ అలా కుట్టించుకున్నదే. నల్ల రెక్సిన్ అట్ట, బంగారు రంగు అక్షరాలు, ఇప్పటికీ బీరువా పైఅరలో ఉంది. సహకార బ్యాంకు ఖాతాదారుల సంతృప్తి మీద. 200 ప్రశ్నపత్రాల్లో సగం, నిజం చెప్పాలంటే, ఒక మధ్యాహ్నం ఒక క్లాసురూములో కూర్చోబెట్టి పిల్లల చేత పూర్తిచేయించినవే. చివరి అధ్యాయంలో బ్యాంకులు సేవలు మెరుగుపరచుకోవాలని సూచించాను. ఏ బ్యాంకూ నా మాట వినలేదు. ఆ రోజుల్లో కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ లేదు కాబట్టి బతికిపోయాను. 2018 నుంచి వేరేవాళ్ల రాతలతో పోలిక 10 శాతం దాటితే ఊరుకోరు. ఆ ‘ఒంగోలు’ ఫైలు అక్కడే దొరికిపోతుంది.

మన నేల మీద పుట్టిన ప్రశ్నకు బలం ఎంతో చూడాలంటే పశ్చిమ గోదావరిలోని మార్టేరు వెళ్లాలి. 1925 నాటి వరి పరిశోధన కేంద్రం అది. ఎంటీయూ 7029 అనే నంబరులో ఎంటీయూ అంటే మార్టేరే. 1982లో ‘స్వర్ణ’గా విడుదలైన ఆ వంగడం ఇక్కడి నుంచి ఒడిశా, బెంగాల్ దాకా పాకింది. తర్వాత అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దానికి ముంపును ఓర్చుకునే జన్యువు చేర్చి ‘స్వర్ణ సబ్-1’ తయారుచేసింది. జన్యువు ఒడిశా వరిది, తల్లి వంగడం మనది. నీళ్లలో నిలబడ్డ చేనును చూసి పుట్టిన ప్రశ్నకు అంత దూరం వెళ్లే సత్తా ఉంది.

విత్తనం సంగతి అలా ఉంటే, అది చల్లే మనుషుల సంగతి మాత్రం అంతగా ఎవరికీ పట్టలేదు. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయం అని క్రాప్ హాలిడే ప్రకటిస్తే దేశమంతా ఇటు చూసింది. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా నేతృత్వంలో కమిటీ వేసింది. ఆ తర్వాత వాళ్ల కమతాలేమయ్యాయి, ఎన్ని చెరువులయ్యాయి, కౌలుదార్లు ఎటు పోయారు? ఊరూరా తిరిగి పదేళ్ల లెక్క తీయడం ఏళ్ల గడువున్న పరిశోధకుడి పనే. పత్రికకు అంత తీరిక ఉండదు, కమిటీకి అంత గడువు ఉండదు.

ఆ తిరగడానికి డబ్బు కావాలి. అసలు చిక్కు ఇదే. జేఆర్ఎఫ్ ఉంటే 2023 జనవరి నుంచి నెలకు 37,000. మూడో కేటగిరీకి యూజీసీ నుంచి జేఆర్ఎఫ్ లేదు. ఈ అమ్మాయి ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ఆదివారాలు గట్ల మీద తిరగాలి. గడువు ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండు, ఆడపిల్లలకు మరో రెండు. మొత్తం కలిపి పదికి మించదు. పెళ్లయి ఊరు మారితే పరిశోధనను వేరే వర్సిటీకి మార్చుకునే వీలూ నిబంధనల్లో ఉంది. ఆ మాట వాళ్లమ్మకు చెప్పమన్నాను, ముందు అడిగేది ఆవిడే కాబట్టి.

నా మటుకు నేను వర్సిటీలను కోరేది చిన్నదే. ఇంటర్వ్యూకి ముందే అభ్యర్థి చేత, గైడు పేరు లేకుండా, రెండు పేజీలు సొంతంగా రాయించండి. ఏం తెలుసుకోవాలి, ఎవరిని అడగాలి, ఇప్పటిదాకా ఎవరు ఏం రాశారు. శోధ్‌గంగ తెరిస్తే దేశంలోని థీసిస్‌లు ఉచితంగా దొరుకుతున్నాయి కదా, చూసి రమ్మనండి. కోర్సువర్కులో కొన్ని క్రెడిట్లు పొలం గట్టు మీద పెట్టండి. పేపర్లు అచ్చేయించి తీరాలన్న షరతు 2022లోనే పోయింది. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి పీహెచ్‌డీ తప్పనిసరి అన్న మాటా 2023 జూలైలో పోయింది. ఉద్యోగం కోసమే చేసేవాళ్ల తొక్కిసలాట కాస్త తగ్గితే, ప్రశ్న ఉన్నవాళ్లకు చోటు దొరకొచ్చు. ఖాయంగా దొరుకుతుందని మాత్రం నేను పందెం కాయను.

వారం తర్వాత ఆ అమ్మాయి ఫోన్ చేసింది. పాత సినాప్సిస్ తీసేసి, నోటు పుస్తకం ఒకటి కొని మొదటి ఇంటర్వ్యూ ఇంట్లోనే మొదలెట్టిందట. నాన్న ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. “ఆసామి పేరు రాయకు, ఊరి పేరూ వద్దు. వచ్చే దాళ్వాకి పొలం ఉండాలి మనకి” అన్నారట.

“ఊరి పేరు లేకుండా ఎలా రాయాలండి సార్?” అని అడిగింది.