96 అని ఖాయం చేసేస్తే ఎలా?

రోమా సంఘం కొరింథు సంఘానికి రాసిన లేఖను ‘క్లెమెంటు మొదటి పత్రిక’ అంటున్నాం. 65 అధ్యాయాలూ వెతికినా తొలినాటి రోము బిషప్పు క్లెమెంటు పేరు దొరకదు. క్రీ.శ. 170 ప్రాంతంలో కొరింథు బిషప్పు రోముకు రాసిన జాబులో ఆ పేరు కనిపిస్తుంది. తేదీదీ అదే కథ. క్రీ.శ. 96 అని నిస్సంకోచంగా అచ్చేస్తున్నారు. లేఖలో మాత్రం సంవత్సరం లేదు, చక్రవర్తి పేరూ లేదు.

ఆ 96కు మూలం మొదటి అధ్యాయంలోని ఒక సంజాయిషీ: ఒకదాని వెంట ఒకటి ఆపదలు వచ్చిపడి మీ సంగతి పట్టించుకోవడం ఆలస్యమైందని. ఆ ఆపదలంటే రోమా చక్రవర్తి దొమితియను క్రైస్తవులను పెట్టిన హింసేనని, అతను 96 సెప్టెంబరులో హతమయ్యాడు గనుక లేఖ ఆ వెంటనే రాసిందేనని లెక్క కట్టారు. దొమితియను క్రూరత్వాన్ని ఏకరువు పెట్టిన రోమా చరిత్రకారుడు స్యుటోనియస్ అతని చరిత్రలో క్రైస్తవుల ఊసే ఎత్తలేదు. ఆలస్యానికి చెప్పుకునే మర్యాదమాట మీద ఇంత బరువు మోపడం నాకు సబబుగా తోచదు.

యెరూషలేము ఆలయం కూలిన 70కి ముందే రాశారనే వాదమూ ఉంది. యెరూషలేము బలుల గురించి 41వ అధ్యాయం వర్తమానకాలంలో మాట్లాడుతుంది కదా అంటారు. ఆలయం కూలిన ఎన్నో ఏళ్లకు యూదు చరిత్రకారుడు జోసీఫస్ కూడా అలాగే రాశాడు, కాబట్టి అదీ నిలవదు.

గట్టి ఆధారం లేఖలోని మనుషుల వయసు. అపొస్తలులు నియమించిన పెద్దల్లో కొందరు అప్పటికే పోయారు (44వ అధ్యాయం). లేఖ మోసుకెళ్లినవాళ్లు యౌవనం నుంచి ముసలితనం దాకా రోమా సంఘంలోనే బతికినవాళ్లు (63వ అధ్యాయం). పౌలు 57 ప్రాంతంలో రోమీయులకు రాసేనాటికే అక్కడ సంఘం ఉంది. 50ల్లో ఇరవయ్యేళ్ల కుర్రాడు 80ల్లో యాభై దాటతాడు, 90ల్లో అరవై.

చిత్రమేమిటంటే, లేఖ మోసినవాళ్ల గురించిన ఈ 63వ అధ్యాయపు వాక్యం చాలాకాలం ఎవరికీ అందుబాటులో లేదు. 1633లో ఆక్స్‌ఫర్డులో తొలిసారి అచ్చుకు ఆధారమైన అలెగ్జాండ్రినస్ అనే పాత గ్రీకు బైబిలు చేతిరాత ప్రతిలో సరిగ్గా ఆ ఆకే పోయింది. 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో బ్రియెన్నియోస్ అనే గ్రీకు పండితుడికి 1056 నాటి ప్రతి దొరికి, 1875లో అచ్చయ్యాకే అది చదవగలిగారు.

లేఖ తొలి వాక్యం సంగతీ చెప్పాలి. ‘రోములో పరవాసం చేస్తున్న దేవుని సంఘం’ అని గ్రీకు మూలం. ‘రోములో ఉన్న’ అని తేల్చేస్తే ప్రవాసంలో ఉన్న మనబోటివాళ్లకు తెలిసిన రుచి పోతుంది.

ఈసారి పాఠాల్లో తేదీ వేసేవాళ్లు ‘80–100 మధ్య’ అని వేయండి.