‘డేటా తీసి పెట్టి ఫార్మాట్ చేసేద్దాం సార్’

ఈ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. రిపేరు దుకాణాల లెక్కలో డేటా అంటే డి డ్రైవ్‌లోని ఫొటోలు, సినిమాలు. నా బతుకంతా సి డ్రైవ్‌లో ఉంది. నేను డీటీపీ చేస్తాను, అంటే కంప్యూటర్‌లో శుభలేఖల్లాంటివి కూర్చుతాను. 2001లో వచ్చిన పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు, వేళ్లకు అలవాటైన కీబోర్డు, ప్రింటర్ సెట్టింగులు అన్నీ కుదిరితేనే అది నా కంప్యూటర్. అను ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తుపట్టే అక్షర సంకేతాలు) కావు. ఫైలు పెన్‌డ్రైవ్‌లో భద్రంగా ఉన్నా, ఫాంటు లేని చోట తెరిస్తే పెళ్లికూతురి పేరు బదులు అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి.

అందుకే నాలాంటివాళ్లకు ఫైళ్ల కాపీ చాలదు. విండోస్, బూట్ భాగం (కంప్యూటర్‌ను మొదలుపెట్టేది), ఫాంట్లు సహా డిస్కు మొత్తానికి ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు నకలు, తీసుకోవాలి. ఈ పని చేసే క్లోన్‌జిల్లా అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, బయటి డిస్కులోకి ఇమేజ్ తీయవచ్చు. వాడిన భాగాన్నే తీసుకుంటుంది కాబట్టి 500 జీబీ డిస్కుకు 500 జీబీ చోటు అక్కర్లేదు. ఇమేజ్‌ను తిరిగి డిస్కులోకి ఎక్కించేటప్పుడు (రీస్టోర్) మాత్రం ఏ డిస్కు మీద రాస్తున్నారో రెండుసార్లు చూసుకోండి. పొరపడితే ఆ డిస్కులో ఉన్నదంతా పోతుంది. పని అయ్యాక కూడా బయటి డిస్కును తగిలించే ఉంచేవారికి ఒక నమస్కారం. ఫైళ్లకు తాళం వేసే వైరస్ వస్తే దానికీ వేస్తుంది.

ఇంత చెబుతున్న నేనూ దెబ్బతిన్నాను. నెలనెలా ఇమేజ్ తీసి మురిసిపోయానే తప్ప, ఒక్కసారీ రీస్టోర్ చేసి చూడలేదు. గత వేసవిలో, సరిగ్గా ముహూర్తాల రోజుల్లో, 500 జీబీ డిస్కు టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. 480 జీబీ ఎస్‌ఎస్‌డీ తెచ్చాను. నా సరుకంతా కలిపినా 90 జీబీ. అయినా క్లోన్‌జిల్లా ససేమిరా అంది. మామూలు సెట్టింగుల్లో కొత్త డిస్కు పాతదానికంటే చిన్నది కాకూడదట! ఇరవై జీబీ కోసం రెండు రోజులు పోయాయి. చివరికి తమ్ముడి దగ్గర 1 టీబీ డిస్కు అరువు తెచ్చి, అందులోకి రీస్టోర్ చేసి, జీపార్టెడ్ అనే సాఫ్ట్‌వేర్‌తో పార్టిషన్ (డిస్కులోని విభాగం) కుదించి, అప్పుడు దాన్ని ఎస్‌ఎస్‌డీలోకి మార్చాను. ముందే ఒక ఆదివారం కూర్చుని ఉంటే ఈ సంగతి తీరిగ్గా తెలిసేది.

పెద్దవాళ్లూ ఇంతేనని ఓదార్చుకున్నాను. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశారు. చూస్తే ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఏదీ అక్కరకు రాలేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) గట్టెక్కించింది. ఇదంతా వాళ్లే బహిరంగంగా చెప్పుకున్నారు. అంత నిజాయితీ మన దుకాణాల్లో ఎక్కడిది?

నా కథ విని మా వీధి దుకాణం కుర్రాడు నవ్వాడు. ‘ఇంత శ్రమ ఎందుకు సార్? ఫార్మాట్ చేసి తెలుగు ఫాంట్లు నేనే ఎక్కించేవాణ్ని కదా.’

‘ఏం ఫాంట్లు?’ అన్నాను.

‘విండోస్‌లో గౌతమి వస్తుంది కదా సార్.’