పుణ్యానికి పుణ్యం, బీరువాలో చోటుకు చోటు

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చింది. నాలుగో రోజుకల్లా మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పాత బట్టల గుట్ట లేచింది. ఇంటింటికీ తిరిగి పోగు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి, ఇప్పుడు తిట్టబోయేది ముందు నన్నే.

మూటలు విప్పి సర్దుతుంటే ఏమేం బయటపడ్డాయనుకున్నారు? జరీ ఊడిన పట్టుచీర, హుక్కులు లేని జాకెట్లు, ఎవరి పెళ్లికో కుట్టించుకున్న సఫారీ సూటు, పిల్లల స్కూలు టై, ఒంటి చెప్పు. ఒక సంచిలో సగం తాగిన దగ్గు మందు సీసా. గడువు దాటి అప్పటికే ఏడాది. పుణ్యానికి పుణ్యం, బీరువాలో చోటుకు చోటు! అందరం కిందకు దిగి లారీ పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాం. ఆ లారీ సరిహద్దు దాకానైనా వెళ్లిందో లేదో ఈ రోజుకీ తెలియదు. చేరుస్తానని పూచీ పడిన పెద్దమనిషి ఆ తర్వాత ఫోను ఎత్తలేదు.

వెళ్లకపోతేనే మేలనిపిస్తుంది ఇప్పుడు. అప్పట్లో నేపాల్ మొత్తానికి అంతర్జాతీయ విమానాశ్రయం ఒక్కటే, కాఠ్మాండులో. దానికి రన్‌వే కూడా ఒక్కటే. అదీ దెబ్బతినడంతో పెద్ద విమానాలను దిగనివ్వడం ఆపేశారు. సరుకు గుట్టలుగా పేరుకుపోయింది. టూనా చేపల డబ్బాలు, మయొనైజ్ లాంటివి వస్తున్నాయని, తమకు కావలసింది ధాన్యం, ఉప్పు, చక్కెర అని ఆ దేశ ఆర్థిక మంత్రి రామ్ శరణ్ మహత్ బాహాటంగానే వాపోయారు. అక్కడి సింధుపాల్చోక్ జిల్లా కొండల్లో జనం టార్పాలిన్ కోసం ఎదురుచూస్తుంటే, మన సఫారీ సూటును దించడానికి నలుగురు, విప్పి చూడడానికి ఇద్దరు, పారేయడానికి మరొకరు కావాలి. పరాయి దేశం దాకా ఎందుకు, 2004 సునామీ తర్వాత నాగపట్నం రోడ్ల పక్కన పాత బట్టలు కుప్పలుగా పడి ఉన్నాయి. మత్స్యకారులు వాటిని ముట్టుకోలేదు. ఇల్లు పోయినవాడికి అభిమానం కూడా పోతుందని మనకు ఎవరు చెప్పారో!

డబ్బు పంపండి అంటే వెంటనే వచ్చే మాట: "డబ్బిస్తే తినేస్తారు." తినరని నేను అనను. 2010 హైతీ భూకంపానికి అమెరికన్ రెడ్‌క్రాస్ దాదాపు 50 కోట్ల డాలర్లు సేకరించింది. అయిదేళ్ల తర్వాత ఇద్దరు ముగ్గురు విలేఖరులు వెళ్లి లెక్క తీస్తే, ఆ సంస్థ కట్టిన శాశ్వత ఇళ్లు ఆరే తేలాయి. తాము చాలామందికి ఇతర రకాలుగా ఆశ్రయం కల్పించామని సంస్థ వాదించింది. ఆ వాదనలో నిజం ఎంతున్నా, పేరు పెద్దదైనంత మాత్రాన కళ్లు మూసుకుని ఇవ్వకూడదని మాత్రం నాకు అర్థమైంది. అక్కడ ముందునుంచీ పని చేస్తున్నారా, ఆ భాష వచ్చిన మనుషులు ఉన్నారా, కిందటి విపత్తు తాలూకు లెక్కలు బయట పెట్టారా? ఈ మూడూ అడగడానికి పది నిమిషాలు చాలు. చీర కొనేటప్పుడు అంతకంటే ఎక్కువ సేపే బేరమాడుతాం.

ఫోనుకు వచ్చే ఫొటోలు చూసి కరిగిపోకండి. 2023 ఫిబ్రవరిలో తుర్కియే, సిరియా భూకంపం తర్వాత, పసిబిడ్డను గుండెకు హత్తుకున్న అగ్నిమాపక ఉద్యోగి బొమ్మ ఒకటి విరాళాల పేరుతో తిరిగింది. పరికించి చూస్తే అతని కుడిచేతికి ఆరు వేళ్లు! కంప్యూటర్ చేసిన బొమ్మ. కింద ఇచ్చింది క్రిప్టో ఖాతా. అందులో వేసిన డబ్బు గోదాట్లో కలిపినట్టే.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మన జాలి టీవీలో ఆ వార్త ఉన్నంతసేపే ఉంటుంది. నేపాల్‌లో పునర్నిర్మాణ ప్రాధికార సంస్థ ఏర్పడిందే ఆ ఏడాది డిసెంబరులో, అంటే ఎనిమిది నెలల తర్వాత. కూలిన ఇంటికి ప్రభుత్వం ఇస్తానన్న సాయం మూడు లక్షల నేపాలీ రూపాయలు, అదీ మూడు విడతల్లో. మొదటి చలికాలం చాలామంది రేకుల కిందే గడిపారు. ఆ డిసెంబరులో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మళ్లీ చందా అడిగాను. నలభై ఇళ్లలో ముగ్గురు ఇచ్చారు. ఒకాయన "ఇంకా అవలేదా అది?" అని అడిగారు.

విదేశీ సంస్థకు నేరుగా పంపితే ఇక్కడ విరాళాలకు వచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. మినహాయింపు కోసమే ఇచ్చేవాళ్లు ఆ సంగతి ముందే తెలుసుకుంటే మంచిది.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి మారింది. ఎక్కడ విపత్తు వచ్చినా వెంటనే కొంత, ఆరు నెలలు ఆగి కొంత, రెండూ డబ్బే పంపుతాం. పాత బట్టలు మాత్రం వీధిలోకి వచ్చే స్టీలు సామాన్ల ఆవిడకే వేస్తున్నాం. పోయిన నెల నా రెండు ప్యాంట్లకు ఒక మూత గిన్నె ఇచ్చింది. సఫారీ సూటు ఉంటే బకెట్ ఇచ్చేదట.