తాళం గుర్తు, డాట్ ఆర్గ్, పది సైట్లు: ఒక ఫార్వర్డుకు ఖండన

డిగ్రీ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో అసైన్‌మెంట్ల కాలం రాగానే ఒక సలహా తిరగడం మొదలవుతుంది. ఏ వెబ్‌సైటు నమ్మదగినదో పేజీని చూడగానే తేల్చుకోవచ్చని దాని సారాంశం. బ్రౌజరులో తాళం గుర్తు ఉండాలి, చిరునామా చివర డాట్ ఆర్గ్ గానీ డాట్ గవ్ గానీ ఉండాలి, ఒకే మాట పది సైట్లలో కనిపిస్తే అది నిజం, వికీపీడియా జోలికి పోకూడదు, పరిశోధన జర్నల్లో అచ్చయినదైతే ఇక పరీక్షించనక్కరలేదు అని అది చెబుతుంది. మంచి ఉద్దేశంతోనే పంపుతున్నా, ఇందులో ఒక్క సూత్రం కూడా చెప్పిన రూపంలో నిలవదు.

తాళం గుర్తు మీ ఫోనుకూ ఆ సైటుకూ మధ్య నడిచే సమాచారాన్ని దారిలో ఇతరులు చదవలేరని మాత్రమే చెబుతుంది. సైటులో రాసినది నిజమో కాదో దానికి తెలియదు. జనం దీన్ని నమ్మకానికి ముద్రగా పొరబడుతున్నారనే గూగుల్ 2023లో క్రోమ్ బ్రౌజరు చిరునామా పట్టీ నుంచి ఆ బొమ్మను తీసేసింది.

డాట్ ఆర్గ్ పేరును రుసుము కట్టి ఎవరైనా తీసుకోవచ్చు. మార్టిన్ లూథర్ కింగ్ పేరుతో డాట్ ఆర్గ్ చిరునామాలో ఏళ్ల తరబడి నడిచిన ఒక సైటు, చూడటానికి ఆయన జీవితచరిత్రలా ఉన్నా, నిజానికి స్టార్మ్‌ఫ్రంట్ అనే శ్వేతజాతి ఆధిక్యవాదులదని తెలియక ఎందరో విద్యార్థులు అందులోకి వెళ్లారు. డాట్ గవ్ డాట్ ఇన్ విషయం వేరు, అది ప్రభుత్వ సంస్థలకే దక్కుతుంది. అయితే అక్కడి అంకె సరైనదైనంత మాత్రాన మీ ప్రశ్నకు సరిపోతుందని కాదు. 2011 జనగణన ప్రకారం తెలంగాణ జనాభా ఎంత అంటే ఒకచోట 3,51,93,978 అనీ, మరొకచోట 3,50,03,674 అనీ కనిపిస్తుంది. రెండూ అధికారిక లెక్కలే. మొదటిది పాత పది జిల్లాల మొత్తం. రెండోది 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక మిగిలిన భూభాగానిది. ఈ తేడాను చిరునామా తోక చెప్పదు, పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉండే వివరణ చెబుతుంది.

అసలు పేజీని చూస్తే తెలిసిపోతుందన్న మూల నమ్మకమే తప్పు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో వెలువరించిన ఒక అధ్యయనంలో పదిమంది చరిత్రకారులకు, వార్తల నిజానిజాలు తేల్చే పదిమంది వృత్తిపరమైన ఫ్యాక్ట్‌చెకర్లకు, 25 మంది విద్యార్థులకు కొన్ని సైట్లు చూపి అంచనా వేయమన్నారు. చరిత్రకారుల్లోనూ, విద్యార్థుల్లోనూ చాలామంది ఆ పేజీలోనే ఉండి, దాని పేరుకూ లోగోకూ మోసపోయారు. ఫ్యాక్ట్‌చెకర్లు క్షణాల్లో పేజీని వదిలి, వేరే ట్యాబుల్లో ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో వెతికి, తక్కువ సమయంలో సరైన నిర్ణయానికి వచ్చారు.

పది సైట్ల సూత్రం అన్నింటికన్నా ప్రమాదకరం. బ్రిటిష్ పాలకుల్లో ఒకడైన మెకాలే 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో ప్రసంగిస్తూ, భారతదేశమంతా తిరిగినా ఒక్క బిచ్చగాడు గానీ దొంగ గానీ కనిపించలేదనీ, ఈ దేశాన్ని లొంగదీయాలంటే దాని విద్యావిధానాన్ని మార్చాలనీ అన్నట్లు ఒక ఉల్లేఖన ప్రచారంలో ఉంది. పది కాదు, వందల సైట్లలో దొరుకుతుంది. విద్యపై రాసే వ్యాసాల్లో మొదటి పేరాలోనే తగులుతుంది. కానీ మెకాలే 1834లో మద్రాసులో ఓడ దిగి 1838 దాకా ఈ దేశంలోనే ఉన్నాడు. ఆ తేదీన ఆయన పేరు మీద ఉన్నది పార్లమెంటు ప్రసంగం కాదు, ఇక్కడ పాలకమండలికి సమర్పించిన విద్యా మినిట్, అంటే విద్యపై రాసిన అధికారిక అభిప్రాయ పత్రం. దాని పూర్తి పాఠం ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది, అందులో ఈ మాటలు లేవు. మంచి యూరోపియన్ గ్రంథాలయంలోని పుస్తకాల అర ఒక్కటే భారత, అరబ్బు సాహిత్యం మొత్తానికి సాటి అన్న మాట మాత్రం ఉంది. ఆయనను విమర్శించదలచినవారికి అసలు పత్రంలోనే ఇంత సరుకు ఉండగా నకిలీది ఎందుకో నాకు అర్థం కాదు. పది సైట్లు ఒకదాన్నొకటి నకలు చేసుకుంటే అది పదిమంది సాక్ష్యం కాదు, ఒక్కరి మాటే పదిసార్లు వినిపించడం.

వికీపీడియాను అసైన్‌మెంటులో ఆధారంగా చూపవద్దన్న అధ్యాపకుల మాటతో నేనూ ఏకీభవిస్తాను, కానీ ఎవరైనా మార్చగలరు గనుక అంతా అబద్ధమే అన్న కారణంతో కాదు. నేచర్ పత్రిక 2005లో 42 విజ్ఞానశాస్త్ర అంశాలపై వికీపీడియా వ్యాసాలనూ, పేరున్న ఆంగ్ల విజ్ఞానసర్వస్వం బ్రిటానికా వ్యాసాలనూ నిపుణుల చేత పరిశీలింపజేసినప్పుడు, వ్యాసానికి సగటున వికీపీడియాలో నాలుగు, బ్రిటానికాలో మూడు తప్పులు తేలాయి. బ్రిటానికా ఆ పద్ధతిని తీవ్రంగా తప్పుపట్టిందన్నది కూడా చెప్పాలి. విజ్ఞానసర్వస్వం ఏదైనా ఇతరుల పరిశోధనకు సంగ్రహమే కనుక దాన్ని కాక, అది చూపిన మూలాన్ని చదివి ఉదహరించాలి. మూలాలే లేని వ్యాసం, అది తెలుగు వికీపీడియాలోదైనా మరెక్కడిదైనా, ఆ పనికీ రాదు.

ఇక జర్నళ్లు. 2013లో సైన్స్ పత్రిక తరఫున, లోపాలు కొట్టొచ్చినట్లు కనిపించే ఒక బూటకపు వ్యాసాన్ని ఎవరైనా ఉచితంగా చదవగల 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపితే 157 జర్నళ్లు అంగీకరించాయి. పేరున్న జర్నలైతే పరవాలేదనుకుంటే, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వ్యాసం వెలువడింది లాన్సెట్ అనే ప్రఖ్యాత వైద్య జర్నల్లోనే. పన్నెండు మంది పిల్లలపై ఆధారపడిన ఆ వ్యాసాన్ని 2010లో ఉపసంహరించారు. జర్నల్ సైటులో ఇప్పుడు దానిమీద ఉపసంహరణ ముద్ర కనిపిస్తుంది. అంతకుముందే ఎవరో దించుకుని, చేతులు మారుతూ వచ్చిన పీడీఎఫ్‌లో ఆ ముద్ర ఉండదు.