తెర దొరకని ముఖాలు

తండ్రి పోయాడని కబురు వచ్చి ముంబయి నుంచి సొంతూరికి వెళ్లిన కొడుకు పది రోజులు మైల పాటించాలి. ఆ పది రోజులూ పరామర్శకు వచ్చే చుట్టాలు ఒక పక్క కళ్లు తుడుచుకుంటూనే అతని పెళ్లి మాట ఎత్తుతుంటారు. కొడుకు మనసు మగవాడి వైపే మొగ్గుతుందని తల్లికి తెలుసు, పోయిన తండ్రికీ తెలుసు, తెలియనిది ఊరికే. ఆ ఊళ్లోనే ఉండిపోయిన చిన్ననాటి స్నేహితుడితో అతనికి అనుబంధం మళ్లీ చిగురిస్తుంది. రోహన్ పరశురామ్ కనవడే తీసిన మరాఠీ చిత్రం ‘సాబర్ బోండా’ కథ స్థూలంగా ఇంతే. ఆ పేరుకు నాగజెముడు పండు అని అర్థం. 2025 ఆరంభంలో అమెరికాలోని సండాన్స్ చిత్రోత్సవంలో ప్రపంచ కథాచిత్రాల విభాగంలో గ్రాండ్ జ్యూరీ బహుమతి గెలుచుకున్న ఈ చిత్రాన్ని అదే ఏడాది సెప్టెంబరు 19న మన దేశంలో విడుదల చేసింది మరెవరో కాదు, రానా దగ్గుబాటికి చెందిన స్పిరిట్ మీడియా.

ఒక మరాఠీ పల్లె కథకు తెలుగు చిత్రసీమ మనిషి అండగా నిలవడం అభినందించవలసిన విషయం. ఆ అభినందన పూర్తి కాకముందే ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఇదే కథ కరీంనగర్ పక్క పల్లెలోనో, ఖమ్మం శివారులోనో, తెలుగులోనే జరిగి ఉంటే దాన్ని తీయడానికి ముందుకొచ్చేది ఎవరు, తీశాక ఆడించే హాలు ఈ హైదరాబాద్ నగరంలో ఎక్కడుంది? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇలాంటి చిత్రాల విషయంలో ఆ వరస తిరగబడి, రచ్చ గెలిచి వచ్చినదానికే ఇంట్లో పీట వేసే రోజులు వచ్చాయి. సండాన్స్ దాకా వెళ్లలేని చిత్రం మాటేమిటని అడిగేవారు లేరు.

స్వతంత్ర చిత్రాల్లోనూ డాక్యుమెంటరీల్లోనూ గే జీవితాల చరిత్రను చూస్తే అది చాలావరకు ముఖాల చరిత్రే. 1971లో ప్రేమ్ కపూర్ తీసిన ‘బద్నామ్ బస్తీ’ దశాబ్దాల పాటు ఆచూకీ లేకుండా పోయి, 2019లో బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ భాండాగారంలో బయటపడింది. సాహస చిత్రాల నటి నాదియా చేతికి కొరడా ఇచ్చి ‘హంటర్‌వాలీ’ తీసిన వాడియా మూవీటోన్ కుటుంబానికి మనవడైన రియాద్ వాడియా, ఆర్. రాజ్ రావు కవితల ఆధారంగా 1996లో ‘బామ్‌గే’ తీశారు. దాని నిడివి 12 నిమిషాలు. ఆ తరువాత మూడేళ్లకు వచ్చిన డాక్యుమెంటరీ ఒకటి ఇప్పటికీ మనసును కలచివేస్తుంది. నిషిత్ శరణ్ అనే యువకుడు అమెరికాలో చదువుతుండగా, తనను చూడటానికి వచ్చిన కన్నతల్లికి తాను గే అన్న సంగతిని కెమెరా నడుస్తుండగానే చెప్పాడు. ‘సమ్మర్ ఇన్ మై వెయిన్స్’ అన్న ఆ చిత్రంలో మనం నిజానికి చూసేది కొడుకును కాదు, ఆ మాట విన్న తల్లిని. ఆ కొడుకు 2002లో రోడ్డు ప్రమాదంలో మరణించాడు.

2004లో టి. జయశ్రీ బెంగళూరు నగరాన్ని తీసుకుని కులం, వర్గం, భాష వేరైన మనుషులను ‘మెనీ పీపుల్, మెనీ డిజైర్స్’లో మాట్లాడించారు. ఇది ఇంగ్లిష్ మాట్లాడే ధనవంతుల పిల్లల సరదా అనే వాదనకు ఆ డాక్యుమెంటరీయే జవాబు. ఆ జవాబు వచ్చి రెండు దశాబ్దాలు దాటినా వాదన మాత్రం మన టీవీ చర్చల్లో చెక్కుచెదరలేదు. శ్రీధర్ రంగాయన్ ‘గులాబీ ఆయినా’కు సెన్సారు బోర్డు ధ్రువపత్రం నిరాకరించింది. అదే దర్శకుడు, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ వల్ల నలిగిపోయినవారి గురించి తీసిన డాక్యుమెంటరీ ‘బ్రేకింగ్ ఫ్రీ’కి తరువాతి కాలంలో ఎడిటింగ్‌లో జాతీయ అవార్డు దక్కింది. బాధితుల కథకు బహుమతి ఇచ్చిన రోజున, వారిని బాధితులను చేసిన చట్టం ఇంకా పుస్తకంలోనే ఉంది. ఇంతకంటే విడ్డూరం మన సినిమాల్లో కూడా వెతికితే దొరకదు.

ఇక్కడ కాస్త ఆగవలసిన విషయం ఒకటుంది. కథాచిత్రంలో నటుడు పాత్ర విప్పేసి ఇంటికి వెళ్తాడు. డాక్యుమెంటరీలో మాట్లాడిన మనిషి అదే ముఖంతో బస్సెక్కాలి, అదే ముఖంతో అద్దె ఇంటి యజమానికి ఎదురుపడాలి. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు 377వ సెక్షన్ పదును తగ్గించిన తీర్పు ఇచ్చినప్పుడు, ఇక భయం లేదనుకుని దేశంలో ఎందరో కెమెరా ముందు పేరు చెప్పి మాట్లాడారు. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. చట్టం అండ ఉందని నమ్మి ఇచ్చిన అంగీకారం, ఒక్క ఉదయంలో నేరాంగీకారంలా మారిపోయింది. 2018 సెప్టెంబరు 6న రాజ్యాంగ ధర్మాసనం ఇష్టపూర్వక సంబంధాలను నేరాల జాబితాలోంచి తొలగించేదాకా, అంటే దాదాపు అయిదేళ్ల పాటు, ఆ ముఖాలు ఆ రీళ్లలో అలాగే ఉండిపోయాయి. ఒకసారి సంతకం పెట్టించుకుంటే సరిపోతుందనుకునే దర్శకులు ఈ అయిదేళ్లను గుర్తుంచుకోవాలి. పైగా ఆనాడు 40 మంది కూర్చునే గదిలో ఆడిన చిత్రం ఈనాడు ముక్కలు ముక్కలుగా వాట్సాప్‌లో తిరిగి, ఏ పెళ్లిళ్ల పేరయ్య చేతికో చిక్కుతుంది.

ఈ చిక్కుకు ప్రపంచ డాక్యుమెంటరీ దారులు వెతకకపోలేదు. భారతదేశంలో పుట్టిన పర్వేజ్ శర్మ 2007లో ముస్లిం గే, లెస్బియన్ల జీవితాలపై తీసిన ‘ఎ జిహాద్ ఫర్ లవ్’లో కొందరి ముఖాలు మసకగానే కనిపిస్తాయి. మసక ముఖం ప్రాణాన్ని కాపాడుతుంది గానీ, చూసేవాడికి నేరస్థుడిని చూస్తున్న భావన కలిగిస్తుంది. టీవీ వార్తల్లో ముఖం మసకబార్చేది ఎవరికో మనకు అలవాటైపోయింది కదా. అందుకే 2020లో రష్యాలోని చెచెన్యా నుంచి పారిపోతున్న గే, లెస్బియన్ల గురించి తీసిన ‘వెల్‌కమ్ టు చెచెన్యా’లో వేరొకరి ముఖాన్ని కంప్యూటర్ సాయంతో అతికించారు, కన్నీరు అసలు మనిషిది, చర్మం అరువుది. మరుసటి ఏడాది డెన్మార్క్ నుంచి వచ్చిన ‘ఫ్లీ’ ఒక అఫ్గాన్ గే శరణార్థి కథను చాలావరకు బొమ్మలతో చెప్పి, అంతర్జాతీయ చిత్రం, డాక్యుమెంటరీ, యానిమేషన్ అనే మూడు విభాగాల్లో ఆస్కార్ నామినేషన్లు పొందింది. యానిమేషన్, గ్రాఫిక్స్ పనికి హైదరాబాద్ పెట్టింది పేరు. వెయ్యి ఏనుగులను, పది తలల రాకాసులను సృష్టించగల నగరానికి ఒక భయపడే మనిషికి అరువు ముఖం ఇవ్వడం సాంకేతికంగా ఏమంత కష్టం కాదు.

తెలుగు తెరకు ఈ మనుషులు కనిపించలేదని అనలేం. కనిపించారు, నవ్వించడానికి. నడక కాస్త వేరుగా ఉన్న మగవాడు, చేయి వయ్యారంగా తిప్పే మగవాడు హాస్య సన్నివేశానికి వచ్చి, హీరో భుజం మీద చెయ్యి వేసి, చెంపదెబ్బ తిని వెళ్లిపోవడం దశాబ్దాలుగా మనకు తెలిసిన వినోదం. ‘వాడు కొంచెం తేడా’ అన్న ఒక్క మాట చాలు, హాలు గొల్లుమంటుంది. తేడా అనే మాటలో తిట్టు లేదు, వేరుగా ఉండటం అనే అర్థం మాత్రమే ఉంది. దానికి తిట్టు రుచి పట్టించింది మన మాటల రచయితలే. ‘అ!’ వంటి చిత్రం 2018లో ఇద్దరు స్త్రీల ప్రేమను ఎగతాళి లేకుండా చూపడం, పొరుగున మలయాళంలో మమ్ముట్టి వంటి అగ్రనటుడు ‘కాదల్: ది కోర్’ను తానే నిర్మించి అందులో గే భర్త పాత్ర ధరించడం, ఆ చిత్రానికి కేరళ ప్రభుత్వం 2023 ఉత్తమ చిత్రం అవార్డు ఇవ్వడం చెప్పుకోదగినవే. కానీ అవి తారల ధైర్యం మీద ఆధారపడిన ఉదాహరణలు.

స్త్రీ వేషధారణను ఇంతగా నెత్తిన పెట్టుకున్న జాతి మనది. స్థానం నరసింహారావు రంగస్థలం మీద చీర కట్టుకుని నిలబడితే ఊళ్లు కదిలివచ్చాయి. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడ విసిరితే అది కళకు పరాకాష్ఠ అన్నాం. వేషం వేరు, ప్రేమ వేరు, ఆ కళాకారులను ఈ చర్చలోకి లాగడం మా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. మేం చెప్పదలచింది ఇంతే: వేదిక మీద మగవాడి వయ్యారానికి చప్పట్లు కొట్టిన చేతులే, అదే వయ్యారం వీధిలో కనబడితే రాళ్లు ఏరుకున్నాయి. వయ్యారం ఉన్న ప్రతి మగవాడూ గే అని, గే అయిన ప్రతి మగవాడికీ వయ్యారం ఉంటుందని నమ్మించిన పాపమూ వెండితెరదే.

పత్రికలకూ ఇందులో వాటా ఉంది. ‘స్వలింగ సంపర్కులు’ అన్న మాటను మా పత్రికతో సహా తెలుగు పత్రికలన్నీ ఏళ్ల తరబడి అచ్చువేశాయి. ఒక మనిషి ప్రేమనూ, ఇంటి ఖర్చులనూ, ముసలితనపు బెంగనూ పడక దాకా కుదించే పదం అది. భార్యాభర్తలను ఎవరూ ‘భిన్నలింగ సంపర్కులు’ అని రాయరు. ‘స్వలింగ ప్రేమికులు’ అనో, వారే తమను చెప్పుకునే ‘గే’, ‘లెస్బియన్’, ‘క్వీర్’ అన్న మాటలతోనో రాయడం ఇక నుంచి మాకు నియమం.

ఈ నగరంలో ఇలాంటి మనుషుల పేర్లను మొట్టమొదట నమోదు చేయబూనింది కళాకారులు కాదు, కొత్వాలీ, అంటే నాటి పోలీసు శాఖ. నిజాం కాలంలో ఫస్లీ 1329లో, అంటే 1919 ప్రాంతంలో వచ్చిన నపుంసకుల చట్టం హైదరాబాద్ నగరంలోని వారికి ఒక రిజిస్టరు పెట్టమంది, ఆడ దుస్తుల్లో బహిరంగంగా కనిపించినా, వీధిలో పాడినా ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చంది. హిజ్రాల మీద గురిపెట్టిన ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టివేసేదాకా అది బతికే ఉంది. జాబితాలో పేరుండటమంటే పోలీసు పిలుపు అని వందేళ్లు నేర్పిన నగరంలో, ఎవరైనా కెమెరా పట్టుకొచ్చి ‘మీ కథ చెప్పండి’ అంటే ఆ మనిషి వెనక్కి తగ్గడంలో వింతేముంది? అయినా 2013లో ఇక్కడ తొలి స్వాభిమాన యాత్ర జరిగింది. పెళ్లి హక్కు కోసం సుప్రీంకోర్టుకు వెళ్లిన ప్రధాన పిటిషనర్లు ఈ నగరంలో నివసించే జంటే. 2023 అక్టోబరు 17 నాటి తీర్పు వారిని నిరాశపరిచింది. ఆ పోరాటాన్ని తెలుగువారికి తెలుగులో, తీరిగ్గా చెప్పే చిత్రమేదీ మన థియేటర్ల గోడల మీద పోస్టరుగా కనబడలేదు.

ఇందుకు దర్శకుల పిరికితనం కారణమని మేం అనుకోవడం లేదు. ఓనిర్ ‘ఐ యామ్’ను నిర్మించడానికి 45 నగరాల నుంచి 400 మంది దాకా చందాలు ఇచ్చారు, ఆ చిత్రానికి ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. అదే దర్శకుడు ఒక గే సైనికాధికారి కథ రాసుకుంటే 2022లో రక్షణ శాఖ అనుమతి నిరాకరించింది. డాక్యుమెంటరీలకు ఒకప్పుడు ఆసరాగా ఉన్న ఫిల్మ్స్ డివిజన్ 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిసిపోయింది. సెన్సారు నిర్ణయంపై తక్కువ ఖర్చుతో అప్పీలు చేసుకునే ట్రైబ్యునల్‌ను కేంద్రం 2021లో రద్దు చేశాక, చిన్న దర్శకుడికి హైకోర్టు మెట్లు తప్ప దారి లేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెత ఇలాంటి చోటే పుట్టి ఉంటుంది.

తెలంగాణ ప్రభుత్వం చేతిలో ఇప్పటికే ఉన్నవి వాడుకుంటే చాలు, కొత్త భవనం అక్కర్లేదు. రవీంద్రభారతిలో కరీంనగర్ బిడ్డ పైడి జైరాజ్ పేరు పెట్టిన ప్రివ్యూ థియేటర్ ఉంది. భాషా సాంస్కృతిక శాఖ అక్కడ ‘సినివారం’ పేరిట శనివారాల్లో కొత్త దర్శకుల చిత్రాలు వేసే ఒరవడిని 2016లో ప్రారంభించింది. ఏడాదిలో కొన్ని శనివారాలను డాక్యుమెంటరీలకు, వాటిలో గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ జీవితాల చిత్రాలకు కేటాయించడానికి ఒక ఉత్తర్వు చాలు. బంజారాహిల్స్‌లోని లమకాన్ వంటి చోట్ల సాంస్కృతిక బృందాలు ఎవరి సాయమూ లేకుండా నడుపుతున్న వేదికలు ప్రభుత్వం చేయవలసిన పనిలో సగం ఇప్పటికే చేస్తున్నాయి. మహిళలకు, దళిత, గిరిజన దర్శకులకు కేరళ చలనచిత్ర అభివృద్ధి సంస్థ నేరుగా నిర్మాణ నిధులు ఇస్తున్నట్టే, మన సంస్థ కూడా ఏటా నాలుగైదు తెలుగు, ఉర్దూ డాక్యుమెంటరీలకు ఇవ్వగలదు; ఒక పెద్ద చిత్రంలో ఒక పాట సెట్టుకు అయ్యే ఖర్చు అంతకంటే ఎక్కువే.

ఆ నిధులకు ఒక షరతు మాత్రం తప్పనిసరిగా పెట్టాలి. కెమెరా ముందు కూర్చునే మనిషితో చేసుకునే ఒప్పందం అతనికి అర్థమయ్యే తెలుగులోనో ఉర్దూలోనో ఉండాలి. ఎక్కడ ఆడిస్తారు, యూట్యూబ్‌లో పెడతారా లేదా, ముఖం ఉంటుందా బొమ్మ ఉంటుందా అన్నది అందులో విడివిడిగా రాసి ఉండాలి. చిత్రం పూర్తయిన మూడేళ్ల తరువాత, ఊళ్లో చెల్లెలికి సంబంధం కుదిరిన వారంలో, అతను ఫోన్ చేసి ‘నా భాగం తీసేయండి సార్’ అంటే, కారణం అడగకుండా తీసేసి మళ్లీ ఎడిట్ చేయడానికి అయ్యే ఖర్చును కూడా ఆ నిధిలోనే ముందుగా లెక్కగట్టి ఉంచాలి.